ఆ గోదాంకి ఇద్దరెందుకు?

రోజూ పొద్దున్నే ఆమె వాడి ముందు చెయ్యి చాపాలి.

ఆసుపత్రి లాండ్రీలో పని మొదలయ్యే ముందు ఆడవాళ్ళంతా వరుసగా నిలబడతారు. సూపర్‌వైజరు రబ్బరు తొడుగుల డబ్బా చంకన పెట్టుకుని ఒక్కొక్కరికి ఒక్కో జత ఇస్తాడు. "గుడ్ మార్నింగ్ సార్" అనాలి, చెయ్యి చాపాలి, తీసుకుని లోపలికి వెళ్ళాలి. తన మీద అత్యాచారం చేసినవాడి వేళ్ళు తగలకుండా ఆ తొడుగుల్ని ఎలా అందుకోవాలో ఆమె నేర్చుకుంది. అంచు పట్టుకుని గబుక్కున లాగెయ్యడమే. నెలల తరబడి అలాగే లాగింది. గుడ్ మార్నింగ్ చెప్పడం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. మానితే ఎందుకు మానావని నలుగురూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె నోట్లోంచి వచ్చేది కాదు.

లాండ్రీలో ఆమెను అందరూ తొందరమ్మ అంటారు. పై వార్డు నర్సు ఫోన్‌లో "దుప్పట్లు..." అని మొదలుపెట్టేసరికి ఈమె మూట భుజాన వేసుకుని లిఫ్టు దగ్గర ఉండేది. ముప్పై దాటిన వయసు. భర్త గోడలకు రంగులు వేస్తాడు. వాళ్ళ రెండు గదుల ఇంట్లో ఏ రెండు గోడలూ ఒక రంగులో ఉండవు. పనిలో ఏ డబ్బా మిగిలితే ఆ రంగు ఇంటికొస్తుంది. "మా ఇంట్లో వంటగది గులాబీ, పడకగది ఆకుపచ్చ, మా ఆయన నెత్తి తెలుపు" అని తొందరమ్మ నవ్వించేది. అప్పట్లో.

ఆ లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో మొదలై పైఅంతస్తులో ముగుస్తుంది. కింద మురికి గది. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి వేరుచేసేది అక్కడే. పక్కన పెద్ద పెద్ద ఉతికే యంత్రాలు. పైన ఆరబెట్టే యంత్రాలు, ఇస్త్రీ రోలరు, ఆ తర్వాత మడతల హాలు. హాలుకు పొడవాటి కిటికీలున్నాయి. లాండ్రీ మొత్తంలో ఎండ పడే చోటు అదొక్కటే. అందుకే అందరికీ అక్కడ పని కావాలి. దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొస పట్టుకుని దులిపి, సగానికి మడిచి, ఒకరికెదురుగా ఒకరు నడిచి, చేతికి చెయ్యి ఆనించి అంచులు అందించుకోవాలి. తొందరమ్మకు జోడీ రేడియో. అది కూడా ముద్దుపేరే. యాభై దాటిన ఆ మనిషి నోరు ఆగిన క్షణం ఉండదు. ఎవరి కోడలు అలిగిందో, ఏ డాక్టరు కారు గీసుకుందో, ఉల్లిపాయలు ఎక్కడ కుళ్ళాయో అన్నీ ఆమె దగ్గరే తెలుసుకోవాలి.

కానీ తొందరమ్మ పనిలో చేరిన కొత్తలో రేడియో ఒక విషయం మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసింది.

"సబ్బుపొడి అయిపోతే గోదాంకి వెళ్ళి తెచ్చుకోవాలి. వెళ్ళేటప్పుడు నన్ను పిలువు. నేను లేకపోతే ఇంకెవరినైనా తోడు తీసుకుపో."

"ఎందుకక్కా, అంత బరువా?"

"బరువేం లేదు. ఇక్కడి పద్ధతి."

వసారా చివర ఉంటుంది గోదాం. కొత్త దుప్పట్లు, సబ్బుపొడి, బ్లీచింగు డబ్బాలు అందులోనే. సూపర్‌వైజరు బల్ల కూడా అందులోనే. తలుపుకు స్ప్రింగు ఉంది, దానంతటదే మూసుకుంటుంది. ఆడవాళ్ళందరూ అక్కడికి ఇద్దరిద్దరుగా వెళ్ళడం తొందరమ్మ చూసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కొత్తమనిషికి అలాంటివి చెప్తే ఏమనుకుంటుందో అని, చెప్పినమాట అటూ ఇటూ తిరిగి ఎవరి మెడకు చుట్టుకుంటుందో అని, అందరూ నోరు మెదపలేదు. పద్ధతి అన్నారు, ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం తొందరమ్మకు ఉతికే యంత్రం దగ్గర పని పడింది. యంత్రం సగం నిండింది, సబ్బుపొడి అయిపోయింది. రేడియో రోలరు దగ్గర ఊపిరి సలపని పనిలో ఉంది. ఒక్క ప్యాకెట్టుకి ఇద్దరెందుకులే అనుకుంది తొందరమ్మ. ఒక్కతే వెళ్ళింది.

తలుపు మూసుకుంది. వాడు గడియ పెట్టాడు.

బయటికొచ్చాక ఆమె చేసిన పని ఒకటుంది. బట్టలు ఉతికే మనిషి మాత్రమే చేయగలిగిన పని. ఒంటిమీది బట్టలన్నీ విప్పి, ఉతికి ఉన్న రోగుల గౌనొకటి తొడుక్కుని, విప్పినవి అంటురోగాల దుప్పట్లు ఉతికే యంత్రంలో వేసింది. నీళ్ళు మసిలేంత వేడికి తిప్పింది. అయ్యాక మళ్ళీ తిప్పింది. ఏళ్ళ తరబడి మరక కనబడితే చాలు చేతులు వాటంతటవే కదిలే మనిషి. ఆ బట్టల్లో సాక్ష్యం ఉందని, వాటిని ఉతక్కుండా కాగితం సంచిలో దాచాలని ఆమెకు చెప్పినవాళ్ళెవరు? ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ తర్వాత ఆమె చురుకుదనం ఎటుపోయిందో పోయింది. మడతల హాల్లో దుప్పటి అవతలి కొస పట్టుకుని రేడియో ఎదురుగా నడిచొస్తుంటే ఈమె ఊపిరి బిగుసుకుపోయేది. రెండడుగుల దూరంలోకి రాగానే చేతుల్లో అంచులు జారిపోయేవి. దుప్పటి నేలపాలయ్యేది, మళ్ళీ ఉతుక్కోవాలి. "మన తొందరమ్మకు టెక్కు ఎక్కువైందే, మనతో చెయ్యి కలపదట" అని ఎవరో అన్నారు. సూపర్‌వైజరు అదే సందు చూసుకుని, పనిమీద శ్రద్ధ లేదని ఆమెను కింద మురికి గదికి పంపేశాడు. వాడు పైన ఎండలో ఉన్నాడు, ఆమె కింద మూటల మధ్య ఉంది. ఇంట్లో పెదవి విప్పలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. వాడు లేని మడతల హాల్లో, తన చోట, తన పని. అది దొరుకుతుందన్న ఆశ మాత్రం లేదు.

మురికి గదిలో ఒక నియమం ఉంది. మూటల్లో మనుషుల వస్తువులేవైనా దొరికితే ఆ వార్డుకు స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి. ఉంగరాలు, ఫోన్లు, కట్టుడు పళ్ళు రోజూ దొరుకుతూనే ఉంటాయి. ఒకరోజు ఊదారంగు చీటీ కట్టిన చిన్న సంచిలో కళ్ళజోడు దొరికింది. ఆ ఊదా సంచి ఎప్పుడూ అంతే, ఒక దుప్పటి, ఒక తువ్వాలు, ఒక గౌను. డబ్బున్నవాళ్ళ ప్రత్యేక గది అయ్యుంటుందని అందరూ అనుకునేవాళ్ళు. "ఎవరో మహారాణి దిగింది" అనేది రేడియో.

తొందరమ్మ అడుగుతూ అడుగుతూ ఆ గది చేరుకుంది. తలుపు మీద 'ప్రత్యేక సేవలు' అని మాత్రమే ఉంది. తలుపు తీసినావిడ కళ్ళు చిట్లించి చూసింది.

"కళ్ళజోడు దొరికిందా! పొద్దుట్నుంచీ గోడల్ని తడుముకుంటున్నానమ్మా. రండి, కూర్చోండి, మీ మొహమైనా సరిగ్గా చూడనివ్వండి."

ఆ మాటకు తొందరమ్మకు నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత వచ్చిన నవ్వు. గదిలో మెత్తని కుర్చీలు, తెర చాటున ఒక మంచం, కిటికీలో మొక్క.

"ఇది ఏ వార్డు మేడమ్?"

"వార్డు కాదమ్మా. ఎవరైనా లైంగికంగా దాడి చేస్తే, బలవంతం చేస్తే, ఆ మనిషి నేరుగా ఇక్కడికి రావచ్చు. నేను కౌన్సిలర్ని. డాక్టరుంటారు, అవసరమైతే లాయరు వస్తారు."

"పోలీసులు?"

"మీరు... ఆ మనిషి పిలవమంటేనే. పిలవకపోయినా వైద్యం ఆగదు."

తొందరమ్మ లేచింది. తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎప్పుడో జరిగితే?"

"ఎప్పుడు జరిగినా."

"బట్టలు... ఉతికేస్తే?"

"ఉతికేసినా రావచ్చమ్మా. నేను చూసేది బట్టల్ని కాదు."

ఆమె వచ్చి మళ్ళీ కూర్చుంది. చెప్పింది. కౌన్సిలరు మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అంతా అయ్యాక, "నేను నమ్ముతున్నాను. ఇందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు" అంది. తొందరమ్మ ఏడవలేదు. "అయితే గుడ్ మార్నింగ్ చెప్పడం మానెయ్యొచ్చా మేడమ్?" అని అడిగింది.

ఆ గది ఆమెకు ఏం చేసిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవి చాలామందికి తెలియవు. డాక్టరు పరీక్షించింది, ప్రతిదానికీ ముందు అడిగి, వద్దంటే ఆగి. రక్తపరీక్షలు చేయించింది. దాడి జరిగిన వెంటనే, మూడు రోజులు దాటకుండా వస్తే కొన్ని జబ్బులు సోకకుండా, గర్భం రాకుండా మందులిస్తారని, సాక్ష్యాలు సేకరించి భద్రపరుస్తారని చెప్పింది. ఆలస్యమైనా వైద్యమూ సాయమూ ఉంటాయనీ చెప్పింది. లాయరు ముందున్న దారులు విప్పి చూపించింది. పోలీసు ఫిర్యాదు, పనిచోట విచారణ, రెండూ, లేదా ప్రస్తుతానికి ఏదీ వద్దనుకోవడం. ఏ దారైనా ఎంచుకునేది తొందరమ్మే. వారంవారం కౌన్సిలరు దగ్గర కూర్చుంది. ఊపిరి బిగిసినప్పుడు అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించి, కళ్ళెదుట ఉన్నవాటి పేర్లు మెల్లగా పలకడం నేర్చుకుంది. తనలాంటి ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసే గుంపులో కూర్చుంది. అందులో ఒక టీచరు, ఒక కూరగాయలమ్మ. తన ఒళ్ళు తనను మోసం చెయ్యలేదని, ఆ భయం తనను కాపాడాలని చూసిందని అక్కడ విన్నది.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆకుపచ్చ గోడకానుకుని చెప్పింది. భర్త విని, గోడలు గీకే ఇనుప రేకు చేతిలోకి తీసుకుని లేచాడు.

"వాణ్ణి ఇవాళ బతకనివ్వను."

"ఆగు. నువ్వు వాణ్ణి కొడితే నువ్వు జైలుకెళ్తావు, వాడు మా ఆసుపత్రికే వస్తాడు. వాడి దుప్పటి నేనే ఉతకాలి. అది నీకు సమ్మతమేనా?"

ఆయన అక్కడే నిలబడిపోయాడు. రేకు చేతిలోంచి జారింది.

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"అదిగో, ఆ మాట అడుగు. అదే కావాలి నాకు. రేపు నాతో వచ్చి బయట బెంచీ మీద కూర్చో. లోపల మాట్లాడేది నేను."

ఆమె రెండు దారులూ పట్టింది. పోలీసు ఫిర్యాదు ఇచ్చింది, కౌన్సిలరు పక్కన కూర్చుని ఉండగా. ఆసుపత్రి విచారణ సంఘానికీ ఫిర్యాదు ఇచ్చింది. విచారణ ముగిసేదాకా సూపర్‌వైజర్ని పనికి రావద్దన్నారు. తొందరమ్మ మళ్ళీ మడతల హాలు మెట్లెక్కింది.

కిటికీల్లోంచి ఎండ పడుతోంది. రేడియో దుప్పటి కొస అందించింది. దులిపారు, సగానికి మడిచారు. రేడియో ఒక అడుగు వేసింది. తొందరమ్మ భుజాలు బిగుసుకోవడం చూసి ఆగిపోయింది.

"ఇదిగో పిల్లా, నేను ఇక్కడే గుంజలా పాతుకుపోతాను. కదిలితే ఒట్టు. నువ్వే రా. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే రా."

"దుప్పటి చల్లారిపోతుందక్కా."

"చల్లారనీ. ఇదేమన్నా తినేదా?"

అరికాళ్ళు నేలకు ఆనించింది. కిటికీ, రోలరు, తువ్వాళ్ళ దొంతర, రేడియో ముక్కు మీది పుట్టుమచ్చ. పేర్లు మెల్లగా అనుకుంటూ నడిచింది. చేతికి చెయ్యి తగిలింది, అంచులు అందాయి. "అబ్బో, వచ్చిందండీ మహారాణి!" అంది రేడియో. ఆ రోజు వాళ్ళు మిగతావాళ్ళ పనిలో సగం కూడా చెయ్యలేదు. పక్కన మడతపెట్టే ఆడవాళ్ళు ఈ జోడీ దొంతరలోంచి కొన్ని దుప్పట్లు తీసుకుని మడిచిపెట్టారు.

విచారణ రోజు వచ్చింది. పెద్ద డాక్టరమ్మ సంఘానికి అధ్యక్షురాలు. సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కాతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళలో నామీద ఒక్క ఫిర్యాదు లేదు మేడమ్. ఈమె పనిమీద శ్రద్ధ పెట్టదు. మురికి గదికి పంపానని కక్షకట్టింది. ఒక్క రుజువుందా? ఆ రోజు కట్టుకున్న బట్టలు తనే ఉతికేశానని తన నోటితోనే ఒప్పుకుంది."

బయట బెంచీ మీద భర్త. లోపల తొందరమ్మ అరికాళ్ళు నేలకు ఆనించి ఉంది. వాడు తిరిగి వస్తే ఆమె మళ్ళీ మురికి గదికి వెళ్ళాల్సిందే, లేదా ఉద్యోగం వదలాల్సిందే. అది గదిలో అందరికీ తెలుసు.

వాడు అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. కానీ అవతలివాళ్ళందరినీ సోమరిపోతులుగా చూపించాలనే ఉబలాటం వాణ్ణి ఆగనివ్వలేదు.

"ఈమె ఒక్కతే కాదు మేడమ్, అందరూ పని ఎగ్గొట్టేవాళ్ళే. ఒక్క సబ్బుపొడి ప్యాకెట్టుకి ఇద్దరిద్దరు బయల్దేరతారు. ఏళ్ళ తరబడి చెప్తున్నాను, ఒక్కరు కూడా ఒంటరిగా గోదాంకి రారు."

పెద్ద డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"ఒక్కరు కూడా రారా?"

"రారు మేడమ్."

"ఎప్పట్నుంచీ?"

అప్పటికి గానీ తన నోటి నుంచి ఏం జారిందో వాడికి తట్టలేదు. డాక్టరమ్మ తొందరమ్మ జోడీ రేడియోను పిలిపించింది.

"చెప్పమ్మా. గోదాంకి ఇద్దరెందుకు?"

రేడియో చీర కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది, తడి లేకపోయినా.

"ఆ పద్ధతి పెట్టింది నేనేనండి. ఈయన వచ్చిన ఏడాదే. నేను ఒక్కదాన్నే వెళ్తే తలుపు మూసి మీద చేతులేశాడు. బ్లీచింగు డబ్బా తన్నేసి బయటపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నాదే తప్పంటారని భయం. ఎవరూ ఒంటరిగా వెళ్ళకండే అని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగితే పద్ధతి అన్నాను. నోటికి తాళం వేసుకున్నాను. ఊరంతా వాగుతాను కదండీ, ఈ ఒక్క మాట వాగలేకపోయాను."

తర్వాత రోలరు మీద పనిచేసే ఆవిడ వచ్చింది. ఆ తర్వాత ఏనాడూ గట్టిగా మాట్లాడని పెద్దావిడ వచ్చింది. ఆ తర్వాత మరొకరు. ఎవరూ పిలవలేదు, తలుపు దగ్గర వరుస కట్టారు. ఇద్దరిద్దరుగా రాలేదు. ఒక్కొక్కరే లోపలికి వచ్చి, ఒక్కొక్కరే చెప్పి వెళ్ళారు.

వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ ఆడవాళ్ళ వాంగ్మూలాలు పోలీసు కేసులో చేరాయి. కేసు కోర్టులో నడుస్తోంది. తొందరమ్మ వెళ్ళి, వాడికి కనబడకుండా కోర్టులో కట్టే తెర తనకు అక్కర్లేదని చెప్పి, జడ్జి ఎదుటే నిలబడి సాక్ష్యమిచ్చింది. తీర్పు ఇంకా రావాలి.

విచారణ అయిన మర్నాడు రేడియో దుప్పటి పట్టుకుని కళ్ళు దించుకుంది. "ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే నీకిలా..."

"అక్కా, చేసింది నువ్వు కాదు. వాడు. కొస పట్టు, పని చూడు."

లాండ్రీ ఆడవాళ్ళు ఆసుపత్రి పెద్దల ముందు కూర్చుని రెండు కోరికలు సాధించుకున్నారు. గోదాం తలుపు పీకించి గోడకు కిటికీ కొట్టించారు, సామాను ఇప్పుడు ఆ కిటికీలోంచే ఇస్తారు. పైన ఊదా సంచి గది తలుపు మీద పాత బోర్డు తీయించి, పెద్ద అక్షరాలతో కొత్తది పెట్టించారు: 'లైంగిక హింసకు గురైనవారికి సహాయం. ఎప్పుడు జరిగినా రండి.' అంత పచ్చిగా రాస్తే బాగుండదేమోనని ఆఫీసులో ఒకాయన గొణిగాడట. "జరిగింది బాగుందా సార్?" అని అడిగింది తొందరమ్మ. బోర్డు అలాగే ఎక్కింది.

విచారణ సంఘంలో ఇప్పుడు లాండ్రీ తరఫు సభ్యురాలు ఆమే. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే చెయ్యి పట్టుకుని ఆ గదికి తీసుకెళ్తుంది, కౌన్సిలర్ని చూపిస్తుంది, ఎందుకో గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్తుంది. కలత రోజులు పూర్తిగా పోలేదు. అలాంటి రోజు రేడియో గుంజలా నిలబడుతుంది. మిగతా రోజుల్లో మాత్రం నర్సు ఫోన్ పెట్టకముందే తొందరమ్మ లిఫ్టు దగ్గర ఉంటోందని, ఆమెతో సమానంగా మడతపెట్టలేక చస్తున్నామని పక్క జోడీలు మొత్తుకుంటున్నాయి.

ఆమె తన చోటు గెలుచుకుంది. కానీ ఆమెకు ఆ గది దొరికింది ఒక కళ్ళజోడు పొరపాటున మూటలో పడ్డందువల్ల. ఒక మనిషి బాగుపడటం అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీకు దగ్గరలో ఇలాంటి సహాయ కేంద్రం ఎక్కడుందో ఇవాళే కనుక్కోండి. ఆసుపత్రిలో అడగండి, సహాయ నంబరుకు ఫోన్ చెయ్యండి. పేరు దాచుకున్న బోర్డు ఉంటే మార్చమని గొడవపెట్టండి. కేంద్రమే లేకపోతే కావాలని నలుగురూ కలిసి అడగండి. తెలుసుకున్నది మీ ఇంట్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ చెప్పండి, మీ ఇంట్లో, మీ ఆఫీసులో పనిచేసే మనిషికీ చెప్పండి. మీరు పనిచేసే చోట ఆడవాళ్ళు ఏదైనా గదికి ఒంటరిగా వెళ్ళడం లేదంటే, వాళ్ళను వెక్కిరించకండి, ఆ గదిలో ఎవరున్నారో చూడండి. ఎవరైనా మీ దగ్గరికొచ్చి తమకు జరిగింది చెప్తే ఇన్నాళ్ళూ ఏం చేశావని అడగొద్దు. నమ్ముతున్నానని చెప్పండి. తర్వాత ఏం కావాలో అడిగి, ఆ మనిషి కోరితే, ఆ గది దాకా తోడు వెళ్ళండి.